నిగనిగ ఎక్కడ నప్పుతుంది?

శ్రీకాకుళం

తమ్ముడూ,

నీ కథ అందింది. సంభాషణల్లో మన యాస ఎక్కడా అతికించినట్టు లేదు, సంతోషం. నాకు అడ్డుపడింది ఒక్క మాటే, ‘నిగనిగ’. చెంబూ నిగనిగే, చేపా నిగనిగే, చివరికి పొందూరు పంచె కూడా!

మన బుడితి ఊళ్లో చేసిన ఇత్తడి చెంబుని చింతపండుతో తోమితే, ఆ పులుపుకి చిలుము కరిగిపోయి తళతళలాడుతుంది. కత్తికీ అదే మాట. కళింగపట్నం ఒడ్డున వలలో కొట్టుకునే చేపలవి మిలమిలలు. నగలు ధగధగలాడతాయి. ఇవన్నీ వేరువేరు మెరుపులు.

నిగనిగ అనగానే మనవాళ్లకి ముందు తోచేది నలుపు, ఆ పైన నూనె. కొబ్బరినూనె రాసి అల్లిన జడ, అప్పుడే కోసిన నల్ల వంకాయ, చెరువులోంచి లేచొచ్చిన గేదె వీపు, నూనె తాగిన నల్లరాతి విగ్రహం. పైన పూసిందే అయినా లోపల్నించి ఊరినట్టుంటుంది. అందుకే పుష్టి, ఆరోగ్యం అనే అర్థాలు కూడా ఆ మాటకి వచ్చాయి. వంకాయ వాడితే ముందు పోయేది ఈ నిగనిగే. మామిడి చిగురుకీ ఈ మాట నప్పుతుంది, దుమ్ము పట్టిన ముదురాకుకి నప్పదు.

బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణని పనసమానుతో చెక్కుతారు. కొత్త చెక్క పచ్చగా ఉంటుంది. ఏళ్లు గడిచి రంగు ముదిరి, చేతులు ఆడినచోట నునుపుదేరాక చూడు, అప్పుడు అను నిగనిగ అని.

ఇక పంచె సంగతి. పొందూరులో పత్తిని వాలుగ చేప దవడతో ఏకుతారు, అందుకే ఆ నూలుకి అంత మెత్తదనం. కానీ నూలు పోగుల మీద వెలుగు ఒకవైపుకి తిరగదు, చెదిరిపోతుంది. మెత్తగా ఉందని రాయి, చాలు. బాగున్న ప్రతిదీ మెరవాలా ఏంటి?

ఇంకొకటి, ఇది కాస్త కోపంగానే చెబుతున్నా. ‘నల్లగా ఉన్నా నిగనిగలాడుతూ’ అని రాశావు ఆ పిల్ల గురించి. ఆ ‘ఉన్నా’ ఎందుకు? నలుపే ఆ మాటకి పుట్టిల్లు. ‘నల్లగా, నిగనిగలాడుతూ’ అని రాస్తే ఆ పిల్లకీ మర్యాద, మాటకీ మర్యాద.

టెన్షన్ పడకు, కథ తిరగరాయక్కర్లేదు. రెండో పేజీ, పెళ్లి ఘట్టం సరిచేసి మళ్లీ పంపు. ఈసారి కాగితానికి ఒకవైపే రాయి, నా కళ్లు మునుపట్లా లేవు.

మీ అన్నయ్య