అట్టపెట్టెలో కూర్చుని సముద్రం మీదికి

(రంగస్థలం మీదా, టీవీ పిల్లల కార్యక్రమాల్లోనూ ముప్పై ఏళ్లకు పైగా నటించి, ఇప్పుడు నెల్లూరులో ఉంటున్న నటీమణి పాఠకుల ప్రశ్నలకు ఇచ్చిన జవాబులు)

ప్రశ్న: అమ్మా, నాకు 24 ఏళ్లు. డిగ్రీ అయింది. మొబైల్ షాపులో పనిచేస్తూ మూడేళ్లుగా పరిషత్తు నాటికల్లో వేషాలు వేస్తున్నాను. బడిపిల్లల ముందు ఆడిన రోజు కలిగే సంతోషం నాకు ఇంకెక్కడా కలగడం లేదు. పిల్లల టీవీ నటుడిగానే బతకాలని ఉంది. "పిల్లల ప్రోగ్రాములు చేసుకుంటూ కూర్చుంటే నీకు పెద్ద వేషాలు ఎవరిస్తారు?" అంటున్నారు మా ట్రూపులో వాళ్లు. దీన్ని నమ్ముకోవచ్చా?
– ఒక యువకుడు, ఆత్మకూరు

జవాబు: నాయనా, ముందు నీకొక ఆడిషన్ సంగతి చెప్పాలి. 1964లో ఇంగ్లండులో బీబీసీ వాళ్ల రెండో ఛానల్ మొదలైంది. ప్రారంభం రోజు రాత్రి లండన్‌లో కరెంటు పోయి, అనుకున్న కార్యక్రమాలు ఆగిపోయాయి. దాంతో మర్నాడు, ఏప్రిల్ 21 పొద్దున వచ్చిన 'ప్లే స్కూల్' అనే చిన్నపిల్లల కార్యక్రమమే ఆ ఛానల్‌కు అసలైన శ్రీకారం అయింది. ఆ కార్యక్రమానికి నటుల్ని ఎంచుకునేటప్పుడు బ్రయాన్ క్యాంట్ అనే ఆయన్ని పిలిచి, డైలాగు కాగితమేమీ ఇవ్వకుండా, ఒక అట్టపెట్టె చూపించి, అందులో కూర్చుని సముద్రం మీదికి పడవ వేసుకుని పొమ్మన్నారట. ఆయన ఎక్కి కూర్చున్నాడు. లేని తెడ్డు వేశాడు. గాలం వేస్తే కస్టర్డ్ నిండిన రబ్బరు బూటు పడిందన్నాడు. ఎంపికయ్యాడు. ఆ కార్యక్రమంలో 1985 దాకా, ఇరవై ఒక్క ఏళ్లు కనిపించాడు. మధ్యలో బొమ్మల సీరియళ్లకు గొంతు ఇచ్చాడు, నాటకాలూ వేశాడు. 2010లో పిల్లల కార్యక్రమాలకిచ్చే బాఫ్టా అవార్డుల్లో ప్రత్యేక పురస్కారం ఆయనదే. 2017లో, 83 ఏళ్ల వయసులో పోయాడు.

ఇది విన్నప్పుడు నాకు మన వీధినాటకమే గుర్తొచ్చింది. మనవాళ్లు గజ్జె కట్టుకుని రంగస్థలం చుట్టూ రెండు చుట్లు తిరిగితే అయోధ్య దాటి అడవికి చేరినట్టే. చూసేవాళ్లలో ఒక్కరు కూడా "చెట్లేవీ?" అని అడగరు. మూడు చుట్లు తిరిగితే దండకారణ్యం కూడా అయిపోతుంది. నడిచేవాడు నమ్మి నడుస్తాడు కాబట్టి చూసేవాళ్లూ నమ్ముతారు. మీ ట్రూపులో వాళ్లు చెప్పే పెద్ద వేషం, చిన్న వేషం లెక్క నేను ఒప్పుకోను. రాజు వేషానికి కిరీటం ఉంటుంది, శాలువా ఉంటుంది, హార్మోనియం ఉంటుంది. అట్టపెట్టెలో కూర్చున్నవాడికి అతని నమ్మకం తప్ప ఇంకేమీ ఉండదు. అది కొంచెం సడలినా అయిదేళ్ల పిల్లవాడు ఇట్టే పట్టేస్తాడు.

నా మొదటి రికార్డింగు చెబుతాను. అప్పటికి నాకు పన్నెండేళ్ల స్టేజీ అనుభవం. పురమందిరంలో మైకు పనిచేయకపోయినా చివరి బెంచీదాకా వినిపించిన గొంతు నాది. స్టూడియోలో లైట్లు వేశారు, నేను చేతులు చాపి "పిల్లలూ!" అన్నాను. కట్ చెప్పారు. మళ్లీ అన్నాను, మళ్లీ కట్. ఎక్కడ తప్పు జరుగుతోందో ఎవరూ చెప్పరు, నాకేమో టెన్షన్‌తో అరచేతులు తడిసిపోతున్నాయి. మధ్యలో టీ తెచ్చిన ఆవిడ వెంట ఆమె కూతురు వచ్చింది, ఆరేళ్లుంటాయి. పచ్చ గౌను, ఒక జడ రిబ్బను ఊడి వేలాడుతోంది. కెమెరా పక్కన నిలబడి నన్నే చూస్తోంది. నేను "పిల్లలూ!" అనగానే ఒక అడుగు వెనక్కి వేసింది. అప్పుడు అర్థమైంది నాకు. నేను అయిదువందల మందిని పిలుస్తున్నాను. అక్కడ ఉన్నది ఒక్క పిల్ల. "ఏమ్మా, రిబ్బను ఊడింది చూసుకున్నావా?" అన్నాను. చెయ్యి పెట్టి తడుముకుని నవ్వింది. అదే గొంతుతో, అంతే మెల్లగా, కెమెరా వైపు తిరిగి కథ మొదలుపెట్టాను. ఈసారి కట్ చెప్పలేదు. ఆ రోజు నుంచి నేను "పిల్లలూ" అనడం మానేశాను. "నువ్వు" అనేదాన్ని.

నీకు స్టేజీ అలవాటు ఉంది కాబట్టి ఈ ఒక్కటీ కష్టపడి నేర్చుకోవాలి. గొంతు తగ్గించినా ప్రాణం తగ్గకూడదు. చాలామంది గొంతు తగ్గించమంటే ముద్దుమాటలు మొదలుపెడతారు. పిల్లలకు అది అసహ్యం. వాళ్లతో వాళ్ల ఇంట్లో తాతయ్య మాట్లాడినట్టు మామూలుగా మాట్లాడాలి.

ఇక బతుకుతెరువు. నీ దగ్గర నిజం దాచను. మన తెలుగులో పిల్లల కార్యక్రమాల మీదే ఆధారపడి ఇల్లు గడిపేంత పని ఏడాది పొడుగునా ఉండదు. నేను రేడియో నాటికలు, డబ్బింగు, బడుల్లో వర్క్‌షాపులు, బొమ్మలాట, అన్నీ కలుపుకుంటేనే అద్దె కట్టగలిగాను. కాబట్టి షాపు పని ఇప్పుడే మానకు. ఈలోగా చదువు సంగతి చూడు. హైదరాబాదు సెంట్రల్ యూనివర్సిటీలోనూ, విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలోనూ థియేటర్ ఆర్ట్స్ నేర్పుతారు. ఢిల్లీలో నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాకు డిగ్రీతో పాటు నాటకానుభవం అడుగుతారు, నీకు రెండూ ఉన్నాయి. ఆ సంస్థలోనే 1989లో పెట్టిన 'సంస్కార్ రంగ్ టోలీ' అనే విభాగం ఉంది. అక్కడ పెద్దవాళ్లయిన నటులు పిల్లల కోసం నాటకాలు ఆడతారు, పిల్లలకు నేర్పుతారు. నువ్వు కోరుకునే పని సరిగ్గా అదే.

ప్రశ్న: మేడమ్, మా పాపకు ఏడేళ్లు. యాక్టింగ్ బాగా చేస్తుందని అందరూ అంటారు. ఫొటోలు తీయించడానికి, సీరియల్లో ఛాన్స్ ఇప్పించడానికి కలిపి 50,000 రూపాయలు కట్టమని ఒకాయన ఫోన్ చేస్తున్నాడు. ఈ ఆదివారంలోగా కట్టాలట. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, కావలి

జవాబు: కట్టవద్దమ్మా. ఒక్క రూపాయి కూడా కట్టవద్దు. నటించినవాళ్లకు డబ్బు ఇవ్వాలి గాని వాళ్ల దగ్గర తీసుకోకూడదు. నాకు ఇరవై ఏళ్లప్పుడు మద్రాసులో ఒక కంపెనీ ఇలాగే "స్క్రీన్ టెస్ట్ ఫీజు" అంటే మా అమ్మ గాజులు తాకట్టు పెట్టి కట్టాను. మళ్లీ వెళ్లేసరికి ఆ గదికి తాళం. ఆ గాజులు విడిపించడానికి నాకు రెండేళ్లు పట్టింది. ఆదివారంలోగా అని గడువు పెట్టడం మీరు ఆలోచించుకోకుండా ఉండడానికే.

నిజంగా అవకాశం వచ్చినా మీరు అడగవలసినవి కొన్ని ఉన్నాయి. బాలకార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ, 2017 నిబంధనల ప్రకారం బాలనటుల చేత రోజుకు అయిదు గంటలకు మించి పని చేయించకూడదు. విరామం లేకుండా మూడు గంటలు దాటకూడదు. షూటింగు చేసేవాళ్లు జిల్లా కలెక్టరు నుంచి అనుమతి తీసుకోవాలి. వరసగా 27 రోజులకు మించి పని పెట్టకూడదు, బడి చదువు ఆగకూడదు. పాప సంపాదనలో కనీసం 20 శాతం పాప పేరు మీదే బ్యాంకులో ఫిక్సెడ్ డిపాజిట్ చేయాలి. ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకుని అడగండి. జవాబు చెప్పకుండా నసిగేవాళ్లతో పాపను పంపకండి. ఈలోగా పాపను బడి నాటికలో వేయనివ్వండి. పదిమంది పిల్లలతో కలిసి ఆడితే ఎదుటివాళ్ల మాట వినడం అలవాటవుతుంది. ఒంటరిగా ఫోను ముందు రీల్స్ చేస్తే అది రాదు.

ప్రశ్న: మా బడి వార్షికోత్సవానికి పిల్లలతో నాటిక వేయిస్తున్నాను. పిల్లలు "ఉండాడు", "పోయేదానికి" అని మన మాటే మాట్లాడుతుంటే, పుస్తకాల భాష పలికించమని పెద్దలు పట్టుబడుతున్నారు. మీరేమంటారు?
– ఒక టీచరమ్మ, ఒంగోలు

జవాబు: పాత్ర ఎవరో చూడండి. మంత్రి అయితే ఒకలా, చేపలమ్మే అవ్వ అయితే ఇంకోలా. ఇది నేను కొత్తగా చెబుతున్నది కాదు. వేదం వేంకటరాయశాస్త్రిగారు 1897లోనే 'ప్రతాపరుద్రీయం' నాటకంలో చాకలి పేరిగాడి చేత చాకలి పేరిగాడి మాటే మాట్లాడించారు. అంతటి సంస్కృత పండితుడు పాత్రోచిత భాష కావాలని పట్టుబట్టారు. పండితులు తప్పు పట్టినా వెనక్కి తగ్గలేదు. ఆ నాటకాన్ని ఈనాటికీ నిలబెట్టింది పేరిగాడే అని నేను అనుకుంటాను.

పిల్లల విషయంలో ఇంకో మాట. ఇంటి మాటలో పిల్లవాడి చేతులు కదులుతాయి, కళ్లు కదులుతాయి. అరువు మాట ఇవ్వగానే చేతులు రెండూ నిక్కరుకు అతుక్కుపోతాయి. రిహార్సల్లో ఒకసారి గమనించండి. మీ పెద్దల్ని కూడా పిలిచి రెండు రకాలుగానూ ఆడించి చూపించండి, వాళ్లే ఒప్పుకుంటారు. తప్పుగా పలికే ఒత్తులు మాత్రం సరిచేయండి. యాస వేరు, ఒత్తు పోవడం వేరు.

ప్రశ్న: నాటకాలు వేస్తే చదువు పోతుందని మా నాన్న అంటున్నారు. నేను పదో తరగతి. ఏం చెప్పాలి?
– ఒక విద్యార్థి, టంగుటూరు

జవాబు: మీ ఊరి పేరే ఇంటిపేరుగా ఉన్న ప్రకాశం పంతులుగారు చిన్నప్పుడు ఒంగోలులో ఆడవేషాలు కూడా వేశారని నాన్నగారికి చెప్పు. ఆయన్ని చదివించిన గురువు ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారే నాటకాల మనిషి. ఆ కుర్రాడు బారిస్టరయ్యాడు, 1953లో ఆంధ్ర రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి అయ్యాడు. అయితే మార్చిలో పరీక్షలు పెట్టుకుని ఇప్పుడు రాత్రి రిహార్సళ్లు వద్దు. పరీక్షలయ్యాక వేసవిలో వెయ్యి. నాన్నగార్ని ముందు వరసలో కూర్చోబెట్టు.

ప్రశ్న: అమ్మమ్మా, మీ పాత ప్రోగ్రాము మా అమ్మ ఫోన్లో చూపించింది. మీరు టీవీలో మాట్లాడేటప్పుడు మేము మీకు కనబడతామా?
– ఒక పాప, రెండో తరగతి, కోవూరు

జవాబు: కనబడరు తల్లీ. కెమెరా అద్దం నల్లగా, బావిలోకి చూసినట్టు ఉంటుంది. అందులో లైట్లు మాత్రం మెరుస్తుంటాయి. అందుకని నేనే ఊహించుకునేదాన్ని. ఒక పాప గచ్చు మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది, జడలు ఇంకా ఆరలేదు, ఒక చేతిలో ఏదో పట్టుకుని తింటోంది అని. ఏం తింటున్నదీ మాత్రం ఎన్నిసార్లు అనుకున్నా తేలేది కాదు. నువ్వు చూసేటప్పుడు ఏం తిన్నావో మళ్లీ ఉత్తరం రాసినప్పుడు చెప్పు.