హవాయి వెళ్లే మేనల్లుడికి

తార్నాక, హైదరాబాద్

చిరంజీవి సిద్ధూకి మామయ్య ఆశీస్సులు.

జనవరిలో హవాయి వెళ్తున్నావనీ, అక్కడ పైప్‌లైన్ అనే అల మీద సర్ఫింగ్ చేస్తానంటున్నావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. అక్క టెన్షన్ సంగతి నీకు తెలుసుగా. సర్ఫింగ్ మానెయ్యమని నేననను. ఆ అల జోలికి మాత్రం పోకు. రుషికొండలో పది రోజులు నేర్చుకున్నది దానికి చాలదు.

ఓడ డర్బన్‌లో ఆగినప్పుడల్లా బోర్డు అద్దెకి తీసుకుని నేనూ సముద్రంలో దిగినవాడినే. అల ఎంత ఎత్తని అందరూ అడుగుతారు. కింద ఏముందో ముందు కనుక్కోవాలిరా. లోతు నీళ్లలో పరుగెత్తుకొచ్చే అలకి హఠాత్తుగా రాతి దిబ్బ అడ్డొస్తే అడుగుభాగం ఆగిపోతుంది, పైభాగం ముందుకి విరుచుకు పడుతుంది. స్పీడ్ బ్రేకర్ చూసుకోని బైకువాడిలాగే. పైప్‌లైన్ అడుగున ఇసుక లేదు, గుంతలున్న గట్టి రాయి. తాహితీ ద్వీపంలోని తెయాహుపోలో పగడపు దిబ్బ. 2024 ఒలింపిక్స్ సర్ఫింగ్ పోటీలు అక్కడే జరిగాయి. అల చిన్నదైనా వీపు చీరుకుపోతుంది.

పోర్చుగల్‌లో నజారే కథ వేరు. అక్కడ సముద్రం అడుగున పెద్ద లోయ ఉంది. లోయ మీదుగా వచ్చే అల వేగం తగ్గదు, పక్కన లోతు తక్కువున్న చోట వచ్చేది నెమ్మదిస్తుంది. తీరం దగ్గర రెండూ కలిసి ఒక్కటై లేస్తాయి. 2020 అక్టోబరులో జర్మన్ సర్ఫర్ సెబాస్టియన్ స్టాయిట్నర్ 26.21 మీటర్ల అల మీద జారింది అక్కడే. మన ఎనిమిదంతస్తుల అపార్ట్‌మెంట్ అనుకో. 2013లో మాయా గబేరా అక్కడే స్పృహ తప్పితే తోటి సర్ఫర్ కార్లోస్ బుర్లే బయటికి లాగాడు. ఆవిడ మళ్లీ వెళ్లి 2020లో 22.4 మీటర్ల అల ఎక్కింది, అది వేరే సంగతి. అంతటివాళ్లకే పక్కన జెట్ స్కీ మీద కాపలా మనిషి ఉంటాడు. నీకెవరున్నారు?

చలికాలంలో హవాయిలో పెద్ద అలలు పైప్‌లైన్ ఉన్న ద్వీపానికి ఉత్తరం వైపు. నువ్వు దక్షిణాన వైకీకీలో దిగు. పైప్‌లైన్‌ని ఒక పూటంతా ఒడ్డున కూర్చుని చూడు.

పడ్డప్పుడు తలని చేతులతో కప్పుకో, కాళ్లు కిందికి దించకు. ఇక్కడ స్విమ్మింగ్ పూల్లో ఊపిరి బిగబట్టే ప్రాక్టీసు ఒంటరిగా చెయ్యకు. నీళ్లలో తెలివి తప్పితే చప్పుడు కూడా రాదు. నీరు సముద్రంలోకి లాగుతుంటే ఎదురీదకు, ఒడ్డు వెంబడి పక్కకి ఈదు. కుర్రతనంలో నేను విశాఖలో ఎదురీదే సగం చచ్చాను. నన్ను తెప్ప మీదికి లాగిన జాలరి తిట్టిన తిట్లు ఇప్పటికీ చెవిలో ఉన్నాయి, మీ అమ్మకి చెప్పకు.

బోర్డు అక్కడే అద్దెకి తీసుకో, శంషాబాద్‌లో లగేజీకి డబ్బులు తగలెయ్యకు.

ఇట్లు,
మామయ్య