టైమింగ్ బెల్టు నేనే మార్చుకుంటే వారంటీ మొత్తం పోతుందా?

ప్రశ్న: మాది జగిత్యాల. దుబాయ్‌లో ఎనిమిదేళ్లు కార్ల గ్యారేజీలో పనిచేసి వచ్చాను. నా డీజిల్ కారు 90 వేల కిలోమీటర్లు దాటాక టైమింగ్ బెల్టు (ఇంజన్ వాల్వులను పిస్టన్లతో లయ తప్పకుండా నడిపేది), దాన్ని బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్ ఇంటి దగ్గర నేనే మార్చుకున్నాను. సామాను బిల్లు మీదే కొన్నాను. నాలుగు నెలలకే టెన్షనర్ బేరింగు పట్టేసి, బెల్టు పళ్లు జారి, వాల్వులు వంగిపోయాయి. దుకాణదారు "మెకానిక్‌తో వేయించలేదు, మాకు సంబంధం లేదు" అంటున్నాడు. షోరూం వాళ్లేమో ఇంజనే కాదు, అంతకుముందే పాడైన ఏసీ కంప్రెసర్ కూడా ఎక్స్‌టెండెడ్ వారంటీలో చేసేది లేదంటున్నారు. బయట చెయ్యి పడిందని వారంటీ మొత్తం రద్దు చేశారట. నేను చేసింది తప్పా?

జవాబు: తప్పు కాదు. సొంత కారు బాగుచేసుకోవడానికి ఎవరి లైసెన్సూ అక్కర్లేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డుపడేది ఆర్‌సీలోని వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చినప్పుడే. అరిగిన బెల్టు తీసి అదే రకం బెల్టు వేస్తే ఆర్‌సీలో ఒక్క అక్షరమూ మారదు.

మిగతాది తర్వాత చదువుదురుగాని, ముందు ఆ టెన్షనర్, బెల్టు, వంగిన వాల్వులు ఎక్కడున్నాయో చూసుకోండి. వాటిని కడగకండి, తుడవకండి. కవరులో కట్టి, కొన్నప్పటి అట్టపెట్టె, బిల్లుతో కలిపి దాచండి. టెన్షనర్ మీది పార్టు నంబరు, కంపెనీ గుర్తు, వేడికి రంగు తిరిగిన బేరింగు కనబడేలా దగ్గరి నుంచి ఫోటోలు తీయండి. నా దగ్గరికి వచ్చిన ఒకాయన బిల్లులన్నీ తెచ్చాడు గానీ, విరిగిన పుల్లీని గ్యారేజీ వాళ్లు అప్పటికే పాత ఇనుముకి వేసేశారు. పరీక్షకు పంపడానికి వస్తువే లేదు. న్యాయం ఆయన వైపున్నా ఆ కేసు గెలిపించలేకపోయాను. ఆ బాధ నాకింకా పోలేదు.

ఇక ఏసీ కంప్రెసర్. ఇక్కడ మీ పక్షం బలంగా ఉంది. బయట రిపేరు చేయించుకుంటే వారంటీ మొత్తం రద్దు అనే షరతును, మార్కెట్లో కంపెనీల పోటీ సక్రమంగా ఉండేలా చూసే కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 2014 ఆగస్టు 25న తప్పుపట్టింది. 14 కార్ల కంపెనీలకు కలిపి 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా వేసింది. బయటి పని సరిగ్గా లేక ఎంత నష్టం జరిగిందో అంతవరకే వారంటీ తీసేయవచ్చు, అదీ తగిన కారణం ఉంటేనే అని చెప్పింది. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి కాబట్టి ఆ ఉత్తర్వు ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. మీకు అంతకంటే సూటి వాదన ఉంది. చాలా ఇంజన్లలో కంప్రెసర్‌ను తిప్పేది బయట ఉండే వేరే బెల్టు. పైగా అది ముందే పాడైంది. మీరు మార్చిన దానికీ దీనికీ సంబంధమేమిటో చూపాల్సింది వాళ్లే. ఎందుకు చేయరో వారంటీ పుస్తకంలోని షరతు నంబరుతో సహా రాతపూర్వకంగా ఇమ్మనండి. నోటిమాట వినియోగదారుల కమిషన్ ముందు నిలవదు. ఫిర్యాదును సేవాలోపం కిందే వేయండి. ఆ షరతే అన్యాయమైనదని కొట్టేయమని అడిగితే అది జిల్లా కమిషన్ పరిధి దాటి హైదరాబాద్‌లోని రాష్ట్ర కమిషన్‌కు వెళ్తుంది.

ఇంజన్ ఖర్చు మాత్రం కార్ల కంపెనీ నుంచి వస్తుందని ఆశపడకండి. పోయింది వాళ్లిచ్చిన పార్టు కాదు. ఇన్సూరెన్సూ రాదు, మామూలు మోటారు పాలసీలో మెకానికల్ బ్రేక్‌డౌన్ (యంత్రభాగం దానంతటదే పాడవడం) మినహాయింపుల్లో ఉంటుంది.

దుకాణదారు సంగతి వేరు. మెకానిక్ వేయలేదన్నంత మాత్రాన లోపమున్న సరుకు మంచి సరుకైపోదు. బిల్లు మీద "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని ముద్ర ఉన్నా భయపడకండి, వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ముందు అది చెల్లదు. పెట్టె మీద పేరున్న తయారీదారునీ దుకాణదారుతో పాటు ప్రతివాదిగా చేర్చండి. 38వ సెక్షన్ కింద కమిషన్ ఆ పార్టుకు సీలు వేసి ల్యాబుకు పంపగలదు, రిపోర్టుకు 45 రోజుల గడువు ఉంటుంది.

కష్టమంతా ఇక్కడే. అవతలి వకీలు మిమ్మల్ని అడుగుతాడు: బిగువు కొలిచే టార్క్ రెంచితో బిగించారా? టెన్షనర్ సూచిక గుర్తు దగ్గరే నిలిచిందా? స్టార్ట్ చేసే ముందు ఇంజన్‌ను చేత్తో రెండు చుట్లు తిప్పి గుర్తులు సరిచూశారా? బెల్టు మరీ బిగిసినా బేరింగు పోతుంది కదా? పని చేస్తూ ఫోన్లో తీసుకున్న ఫోటోలుంటే వెతికి పెట్టండి. దుబాయ్ గ్యారేజీ వాళ్లిచ్చిన ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ కూడా పనికొస్తుంది. ఒకవేళ బిగింపులో తేడా వచ్చిందేమోనని మీకే అనుమానముంటే, ఈ కేసు వేయొద్దని నా సలహా. మీ లాయరు దగ్గర మాత్రం అది దాచకండి.

షోరూం మీద ఒకటి, పార్టు మీద ఒకటి, విడివిడిగా రెండు ఫిర్యాదులు వేయండి. కలిపితే ఒకరి మీదికి ఒకరు నెట్టుకుంటారు. గడువు రెండేళ్లు. మీరుండే చోటి జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు, మీరు చెల్లించిన ధర 5 లక్షల లోపైతే రుసుము లేదు. ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి, కొన్ని అక్కడే తెగిపోతాయి.

వాల్వులుండే ఇంజన్ పైభాగం, అంటే హెడ్డు, తిరిగి బిగించకముందే ఇద్దరికీ నోటీసు స్పీడ్ పోస్టులో వెళ్లాలి. "ఇంజన్ విప్పి ఉంది, పార్టులు నా దగ్గరే ఉన్నాయి, 15 రోజుల్లో వచ్చి చూసుకోండి, ఆ తర్వాత రిపేరు చేయించుకుంటాను" అని అందులో స్పష్టంగా రాయించండి.