బాక్టీరియా ఉప్పును తినదు

ప్రశ్న: మా కొబ్బరితోట పక్కన చమురు బావి తవ్వారు. రిగ్గు వెళ్ళిపోయింది. ప్లాస్టిక్ పరిచిన గుంటలో బూడిదరంగు బురద, దాని మీద నూనె తెట్టు మిగిలాయి. బాక్టీరియా పొడి కలిపి గుంట పూడ్చేస్తామని కాంట్రాక్టరు అంటున్నారు. నమ్మవచ్చా?
– ఒక రైతు, రాజోలు మండలం

జవాబు: పొడి సంగతి నిజమేనండి. ఢిల్లీలోని టెరి పరిశోధన సంస్థ రూపొందించిన ఆయిల్‌జాపర్ అలాంటిదే. నూనెను తినే బాక్టీరియాను మొక్కజొన్న కండెల పొడికి పట్టించి ఇస్తారు. అయితే బురదను పలుచగా పరచి, నత్రజని, భాస్వరం అందించి, తడి ఆరకుండా చూస్తూ నెలల తరబడి తిరగదున్నాలి. గాలి ఆడని గుంట అడుగున ఆ జీవులు పని చేయవు. కాబట్టి ‘కలిపి పూడ్చేస్తాం’ అన్నారంటేనే నాకు అనుమానం.

నేను రిగ్గుల మీద మడ్ ఇంజనీరుగా పనిచేసినవాణ్ని. మడ్ అంటే బావి తవ్వేటప్పుడు లోపలికి పంపే బురదలాంటి ద్రవం. అందుకే మీరు అడగనిది ఒకటి నేను అడుగుతాను: వాళ్ళు వాడిన మడ్ ఏది? షేల్ అనే బంకమట్టి రాతి పొరలు నీటికి ఉబ్బకుండా అందులో పొటాషియం క్లోరైడ్ కలపడం మామూలే. బాక్టీరియా నూనెను తింటుంది గాని ఆ ఉప్పును ముట్టదు. మడ్ బరువు కోసం కలిపే బెరైట్ అనే ఖనిజపు పొడిలోని లోహాలనూ ముట్టదు. తెట్టు పోయి గుంట శుభ్రంగా కనిపించినా, అడుగు ప్లాస్టిక్ ఎక్కడైనా చిరిగితే ఉప్పు భూగర్భజలంలోకి దిగుతుంది. కోనసీమలో ఆ నీరు ఎంత పైనే ఉంటుందో మీకు చెప్పాలా? కొబ్బరికి పొటాషూ క్లోరైడూ మంచివేగా అని ఎవరైనా వాదించవచ్చు. నిజమే, మరి పక్కనున్న వరిచేను మాటేమిటి?

కేంద్ర పర్యావరణ శాఖ 2005 నిబంధనల ప్రకారం డీజిల్ మడ్ వాడకూడదు. ఇతర నూనె మడ్ వాడితే, తవ్వకంలో బయటికొచ్చే రాతిముక్కలను కడిగాక వాటిలో నూనె కిలోకు 10 గ్రాముల లోపే ఉండాలి. నిండిన గుంటను నీరు దిగని పొరతో కప్పి, దానిపై స్థానిక మట్టిని మందంగా, వాలుగా పోయాలి.

వానలు ముదరకముందే గుంటలోని నీటిని ట్యాంకర్లతో శుద్ధికి తరలించమనండి, పంటకాలువలోకి వదలనివ్వకండి. తర్వాత కాలుష్య నియంత్రణ మండలికి అర్జీ పెట్టి నూనె, క్లోరైడ్, లోహాల పరీక్ష అడగండి. నమూనా పైతేట నుంచి కాదు, అడుగు బురద నుంచి, మీ ఎదుటే తీయాలి. అదే రోజు మీ బోరు నీటినీ పరీక్షకు పంపండి. రేపు నీరు ఉప్పబడితే, ముందు ఎలా ఉండేదో చూపే కాగితం మీ చేతిలో ఉంటుంది.