లైన్ ఉన్న కాలు కప్పకు

కర్నూలు

అమ్మీ,

నువ్వు అనంతపురం నుంచి ఫోన్ చేసినప్పుడు ఇంటి నిండా చుట్టాలు, సరిగ్గా మాట్లాడలేకపోయాను. "అత్తా, పసిబిడ్డల వార్డులో మందు ఎక్కించే లైన్ పెడదామంటే నాకు నరం దొరకడం లేదు, చేతులు వణుకుతున్నాయి" అన్నావు. కిలో బరువు బిడ్డ చెయ్యి నీ బొటనవేలంత ఉంటుంది. ఆ చెయ్యి పట్టుకుని వణకలేదని చెప్పుంటే నాకు భయమేసేది.

లైన్ దొరకడం ఆరు నెలల్లో అదే వస్తుంది. ఎల్ఈడీ టార్చి అరచేతి కింద పెట్టి గదిలో లైటు తగ్గించు, ఎర్రటి వెలుగులో నరం నల్లగీతలా కనపడుతుంది. పాతకాలపు బల్బు టార్చి మాత్రం వద్దు, వేడికి ఆ లేత చర్మం కాలుతుంది. నరంలో ఉంచే సన్న గొట్టం, అదే కాన్యులా, మామూలు బిడ్డకు పసుపురంగు 24 నంబరుది, బాగా నెల తక్కువ బిడ్డకు ఊదారంగు 26. డాక్టరు నోటికేమీ వద్దనకపోతే గుచ్చడానికి రెండు నిమిషాల ముందు తల్లి పాలు రెండు చుక్కలు నాలుక మీద వెయ్యి, నొప్పి తగ్గుతుంది. రెండుసార్లు తప్పితే పక్క సిస్టరును పిలువు. పంతానికి పోయి బిడ్డ నరాలన్నీ పాడుచేసినవాళ్లను చూశాను.

తలలో నరం తీసుకోవాల్సి వస్తే ముందు వేలు ఆనించి చూడు. కొట్టుకుంటుంటే అది ఆర్టరీ, గుండె నుంచి రక్తం తెచ్చే నాళం, వదిలెయ్. ఇంకో సంగతి ట్రైనింగులో ఎవరూ చెప్పరు. మన సీమలో పుట్టెంటికలు ఇంటి దేవుడివి. కదిరికో అహోబిలానికో మొక్కి ఉంటారు. చెప్పకుండా గీకావంటే ఆ తల్లి సూదికన్నా దానికే ఎక్కువ ఏడుస్తుంది. ముందే ఒక మాట చెప్పి, ఆ నాలుగు వెంట్రుకలూ కాగితంలో మడిచి ఇవ్వు. ఆదోని వైపు నుంచి వచ్చిన ఒక అవ్వ ఆ పొట్లం తీసుకుని కొంగున ముడేసుకుంది. ఆ తర్వాత మేం ఏం చేసినా అడ్డు చెప్పలేదు.

అసలు నీకు చెప్పాలనుకున్నది వేరే. లైన్ పెట్టాక ఏం జరుగుతుందన్నదే నిజమైన పని.

నా ఉద్యోగం కొత్తలో, ఒక ఆసుపత్రిలో నైట్ డ్యూటీ. బిడ్డ పాదం మీద లైన్, అందులో కాల్షియం గ్లూకోనేట్ పోతోంది. చలి అని నేనే ఆ కాలికి దూది చుట్టి బ్యాండేజీ కట్టాను. మందు తోసే పంపు అలారం కొట్టలేదు కదా అని ధీమాగా ఉన్నాను. మందు నరంలోకి కాకుండా కండలోకి పోతున్నా పంపుకు తెలియదమ్మీ, దాని పాటికది తోస్తూనే ఉంటుంది. తెల్లారి విప్పితే పాదం ఉబ్బి, పైన పాలిపోయి, మధ్యలో రూపాయి బిళ్లంత నల్లగా ఉంది. ఆ చర్మం ఊడి, మానడానికి వారాలు పట్టింది. మచ్చ అలాగే ఉండిపోయింది. పెద్ద సిస్టరు నన్ను ఒక్క మాట అనలేదు. డ్రెస్సింగ్ మాత్రం రోజూ నా చేతే చేయించింది.

అందుకే కప్పకు. పైన పారదర్శకంగా ఉండే ప్లాస్టరే వెయ్యి, వేలి కొసలు కనపడాలి. గంటకోసారి చూడు. చూడటమంటే బిడ్డను వెచ్చగా ఉంచే వార్మర్ పక్క నుంచి తొంగిచూడటం కాదు, రెండు పాదాలూ పక్కపక్కన పెట్టి పోల్చడం. వాపు, ఎరుపు, పాలిపోవడం, చల్లబడటం, తాకితే బిడ్డ ముఖం ముడుచుకోవడం, వీటిలో ఏది కనపడినా ముందు మందు ఆపు. కారింది కాల్షియమో, బీపీ పెంచే డోపమైనో అయితే కాన్యులా గబుక్కున పీకెయ్యకు. సిరంజితో వచ్చినంత వెనక్కి లాగి, డాక్టరును పిలువు. 12.5 శాతం దాటిన గ్లూకోజ్‌ను చేతి లైన్‌లో ఎక్కించమని ఎవరన్నా చెబితే మళ్లీ అడుగు, అంత చిక్కటిది గుండె దగ్గరి పెద్ద నరందాకా వెళ్లే లైన్‌లోనే పోవాలి.

బొడ్డులో లైన్ డాక్టర్లు పెడతారు, కాపలా నీది. ఎక్స్‌రే చూసి కొస ఎక్కడుందో వాళ్లు తేల్చేదాకా మందులు మొదలుపెట్టకు. మూత వదులైతే రక్తం కారిపోతుంది. కిలో బిడ్డ ఒంట్లో ఉండేదే 80, 90 మిల్లీలీటర్లు, టీకొట్టు గ్లాసెడు. లైన్ తెరిచే ముందు ప్రతిసారీ ఆ మూతిని స్పిరిట్ దూదితో 15 సెకన్లు రుద్ది, ఆరనివ్వు. గాలి బుడగ చిన్నదైనా వదలకు. పుట్టిన బిడ్డ గుండెలో దారి ఇంకా పూర్తిగా మూసుకోదు, అది మెదడుకైనా చేరొచ్చు. రోజూ రౌండ్స్‌లో "సార్, ఈ లైన్ ఇంకా కావాలా?" అని అడుగు. విసుక్కుంటే విసుక్కోనీ. పాలు సరిపోయినంత తాగుతున్న బిడ్డకు లైన్ ఉంచితే అది ఇన్ఫెక్షన్‌కు తెరిచిన తలుపే. తీసేటప్పుడు ప్లాస్టరు సెలైన్ దూదితో తడిపి మెల్లగా లాగు, లేకపోతే తోలు దానితోపాటే వస్తుంది.

మీ బావ ఆదివారం డోన్, గుత్తి మీదుగా బస్సులో వస్తున్నాడు. నా ఎల్ఈడీ టార్చి పంపిస్తున్నా. దాని స్విచ్ కొంచెం బిగుసు, గట్టిగా నొక్కు. బ్యాటరీలు కొత్తవి వేశాను.

మీ అత్త