కాంట్రాక్ట్ అడ్మినిస్ట్రేటర్ అంటే ఉత్తరాలు రాసే గుమాస్తాయేనా?

నాలుగేళ్ళు సైట్ ఇంజినీరుగా చేశారు, దోహాలో కాంట్రాక్ట్ అడ్మినిస్ట్రేటర్ ఉద్యోగం వచ్చింది, “అది గుమాస్తా పని” అని స్నేహితులు ఆపుతున్నారు. ఇదీ మీ ప్రశ్న. నా మాట వింటే వెళ్ళండి. ఆ కుర్చీలో నేను తొమ్మిదేళ్ళు కూర్చున్నాను.

అయితే ముందు మీకు జీతమిచ్చేది ఎవరో కనుక్కోండి. బ్రిటన్ నిర్మాణ పనుల్లో వాడే జేసీటీ నమూనా ఒప్పందాల్లో ఈ పేరున్న మనిషిని పెట్టుకునేది పని చేయించుకునే యజమాని. చెల్లింపు సర్టిఫికెట్లు ఇచ్చేటప్పుడు మాత్రం అతను ఎవరి పక్షమూ వహించకూడదు. అంతర్జాతీయ నిర్మాణ పనుల్లో వాడే ఫిడిక్ నమూనా ఒప్పందాల్లో ఆ బాధ్యత యజమాని పెట్టుకునే ‘ఇంజినీర్’ది. కాంట్రాక్టర్ ఆఫీసులో ఇదే పేరుతో ఉండే ఉద్యోగం పూర్తిగా వేరు. నోటీసులు, వేరియేషన్లు (పనిలో మార్పులు), క్లెయిములు (అదనపు డబ్బు, గడువు అడగడం), గడువు పొడిగింపులు చూసుకోవాలి. నేను చేసింది ఇదే.

అబుదాబిలో నా రెండో ప్రాజెక్టు. పునాది తవ్వుతుంటే డ్రాయింగుల్లో ఎక్కడా లేని కరెంటు కేబుల్ బయటపడింది. దాన్ని పక్కకు మార్చేదాకా ఆ వైపు పని ఆగిపోయింది. మా మేనేజరుకీ, యజమాని తరఫున ‘ఇంజినీర్’గా ఉన్న కన్సల్టెంటుకీ మంచి స్నేహం. “ఉత్తరాలెందుకు, తర్వాత చూసుకుందాం” అన్నారు. నేనూ ఊరుకున్నాను. నోటీసు వెళ్ళేసరికి 41 రోజులైంది. మా ఒప్పందం 1999 ఫిడిక్ రెడ్ బుక్ అనే నమూనా. అందులో 20.1 క్లాజు ప్రకారం, విషయం తెలిసిన 28 రోజుల్లోపు నోటీసు ఇవ్వకపోతే అదనపు గడువూ రాదు, డబ్బూ రాదు.

మా ఫోర్‌మన్‌ది జగిత్యాల. జేబులో చిన్న డైరీ ఉండేది, అంచులకు సిమెంటు పట్టి బిరుసెక్కిపోయింది. ఆ రోజు పేజీలో “ఇయ్యాల కేబుల్ తగిలింది. పని బంద్” అని ఉంది. అది చూసి గట్టెక్కాం అనుకున్నాను. పని ఆగిందనడానికి అది రుజువే. కానీ మాకు ఏ రోజున తెలిసిందో చెప్పిందీ అదే. క్లెయిము పోయింది, పైగా ఆలస్యానికి రోజుకింత చొప్పున బిల్లులో కోత పడింది. ఆ నోటీసు పదమూడు రోజులు ముందు వెళ్ళి ఉంటే కథ వేరు. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

అప్పటినుంచి రోజూ సాయంత్రం సైట్‌కి వెళ్ళి “ఇవాళ ఏది ఆగింది? ఎవరు ఏం చెప్పారు?” అని అడిగేవాణ్ణి. కన్సల్టెంటు నోటిమాటగా “ఈ గోడ అటు జరపండి” అంటే, అదే పుస్తకంలో 3.3 క్లాజు ఉంది. రెండు పనిదినాల్లో మనం దాన్ని కాగితం మీద ధ్రువీకరించాలి. మరో రెండు పనిదినాల్లో వాళ్ళు రాతపూర్వకంగా జవాబివ్వకపోతే అదే లిఖిత ఆదేశంగా చెల్లుతుంది. రెండు వాక్యాల ఉత్తరం చాలు, దానికి గొప్ప ఇంగ్లీషు అక్కర్లేదు.

మీ నాలుగేళ్ళ సైట్ అనుభవం ఇక్కడే పనికొస్తుంది. మన దగ్గర ప్రభుత్వ పనుల్లో ఎం-బుక్ (కొలతల పుస్తకం), హిండ్రెన్స్ రిజిస్టర్ (పనికి వచ్చిన అడ్డంకుల పుస్తకం) రాసి ఉంటే సగం వచ్చినట్టే. చేరగానే పర్టిక్యులర్ కండిషన్స్, అంటే ఆ ప్రాజెక్టుకు ప్రత్యేకంగా రాసుకున్న షరతులు, చదవండి. ప్రామాణిక గడువుల్ని యజమానులు మార్చేది అక్కడే, 28 రోజులు 14 అయిపోవచ్చు. అలాగే ఫిడిక్ 2017 ఎడిషన్ అయితే నోటీసు గడువు 28 రోజులే గానీ, పూర్తి వివరాలతో క్లెయిము ఇవ్వడానికి 1999 నాటి 42 బదులు 84 రోజులు ఉంటాయి. ఏ ఎడిషనో ఇంటర్వ్యూలోనే అడగండి.