మొదటి పేపర్ జర్నల్‌కి పంపే ముందు: తిరుపతి నుంచి వచ్చిన పిల్లలకి నా మాట

ప్రశ్న: అన్నయ్యా, తిరుపతిలో ఎమ్మెస్సీ చేసి ఈ ఏడాదే జర్మనీలో పీహెచ్‌డీలో చేరాను. మొదటి మాన్యుస్క్రిప్ట్ తయారు చేసి చూపించమని మా ప్రొఫెసర్ అన్నారు. మా ఊళ్లో ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి చేసిన శెనక్కాయల పనిని కూడా పేపర్‌గా వేయాలని ఉంది. ఫార్మాటింగ్ ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

చెల్లీ, ముందు ఆ వర్డ్ ఫైలు మూసెయ్. ఏ జర్నల్‌కి పంపాలో తేలకుండా ఒక్క పేజీ కూడా సర్దొద్దు. మనవైపు అంతా రాసేసి, చివర్లో "ఇది ఎక్కడికి పంపుదాం సార్" అని అడగడం అలవాటు. తీరా చూస్తే ఆ జర్నల్ ఆరు వేల పదాలు దాటనివ్వదు, మనం రాసింది దానికి రెట్టింపు ఉంటుంది. మీ గైడుతో కూర్చుని ఒక జర్నల్, అది కాదంటే ఇంకొకటి, ముందే అనుకోండి. రచయితలకి వాళ్లిచ్చిన సూచనల పేజీని ప్రింట్ తీసి, పెన్ను పట్టుకుని చదువు. ఆ తర్వాత ఆ జర్నల్లో ఈ మధ్య వచ్చిన రెండు మూడు పేపర్లు తెరిచి సబ్జెక్టు సంగతి పక్కన పెట్టి నిర్మాణం చూడు. పరిచయం ఎన్ని పేరాలు ఉంది, బొమ్మలు ఎన్ని, ఫలితాలూ చర్చా కలిపి రాశారా విడిగా రాశారా, ఇవి గమనించు.

చాలా జర్నళ్లు ఇప్పుడు మొదటిసారి పంపేటప్పుడు రెఫరెన్సుల స్టైల్ పట్టించుకోవు. ప్రచురణ సంస్థ ఎల్సెవియర్ వాళ్లు దీన్ని ‘యువర్ పేపర్ యువర్ వే’ అంటారు. అలాంటిచోట కామాలూ ఫుల్‌స్టాప్‌లూ దిద్దుతూ శని ఆదివారాలు పోగొట్టుకోవద్దు. కొన్ని మాత్రం లైన్ నంబర్లు లేవని కూడా వెనక్కి పంపేస్తాయి. నీ జర్నల్ ఏ రకమో ఆ సూచనల పేజీయే చెబుతుంది.

డబ్బు సంగతి కూడా ఇక్కడే తేల్చుకో. జర్మనీ విశ్వవిద్యాలయాలు చాలావాటికి ‘డీల్’ పేరుతో వైలీ, స్ప్రింగర్ నేచర్, ఎల్సెవియర్‌లతో ఒప్పందాలున్నాయి. కరెస్పాండింగ్ ఆథర్, అంటే జర్నల్‌తో ఉత్తరాలు నడిపే రచయిత, అక్కడివాళ్లైతే ఓపెన్ యాక్సెస్ ఖర్చు, అంటే పేపర్ అందరూ ఉచితంగా చదివేలా వేయడానికి అయ్యే ఖర్చు, చాలా జర్నళ్లలో సంస్థ వైపు నుంచే పోతుంది. మీ లైబ్రరీలో అడిగితే జాబితా ఇస్తారు. "మీ అమూల్యమైన రచన పంపండి, మూడు రోజుల్లో అచ్చు వేస్తాం" అని మెయిలుకి వచ్చే పిలుపులకి మాత్రం జవాబు ఇవ్వొద్దు. మన దగ్గర చాలామంది యూజీసీ వాళ్ల కేర్ జర్నళ్ల జాబితా చూసి నమ్మేవాళ్లు, 2025లో యూజీసీ దాన్ని ఆపేసింది. కాబట్టి జర్నల్ స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్ అనే డేటాబేసుల్లో దేంట్లోనైనా ఉందా, ఓపెన్ యాక్సెస్ అయితే అలాంటి జర్నళ్ల జాబితా డీఓఏజేలో ఉందా అని నువ్వే చూసుకోవాలి.

ఇక నీ పేరు గురించి. దీని మీద నేను ఎక్కువ చెబుతాను, ఎందుకంటే తెలుగువాళ్లం అందరం ఇక్కడ నష్టపోతాం. మన పేర్లలో ఇంటిపేరు ముందు పొడి అక్షరంగా ఉంటుంది, తర్వాత వెంకట, సాయి, లక్ష్మి లాంటివి ఒకటో రెండో వస్తాయి, పిలిచే పేరు ఆ తర్వాత, కొందరికి చివర రెడ్డో నాయుడో. జర్నల్ సిస్టమ్‌కి ఇదేమీ తెలియదు. చివరి మాట ఏదుంటే అదే ఇంటిపేరు అనుకుంటుంది. దాంతో చిత్తూరు జిల్లా నుంచి వచ్చిన వాళ్లలో చాలామంది ‘రెడ్డి కె’, ‘రెడ్డి వి’ అయిపోతారు, డేటాబేసులో అలాంటి రెడ్డిలు వేలమంది ఉంటారు. పాస్‌పోర్టులో ఇంకో రకం. కొందరికి సర్‌నేమ్ గడిలో నాన్న పేరు ఉంటుంది, కొందరికి ఆ గడి ఖాళీ. మొదటి పేపర్లో ఒకలా, రెండోదాంట్లో ఇంకోలా వేస్తే ఆ రెండూ ఒకే మనిషి రాసినవని ఎవరికీ తెలియదు. పీహెచ్‌డీ తర్వాత పోస్ట్‌డాక్ ఉద్యోగానికి అప్లై చేసినప్పుడు ఆ తేడా బయటపడుతుంది.

అందుకని మొదటి పేపర్‌కి ముందే నిర్ణయించుకో. ఇంటిపేరు పూర్తిగా రాసి చివర పెట్టుకోవడం నాకు అన్నిటికన్నా మేలనిపిస్తుంది, మన ఇంటిపేర్లు అంత మామూలుగా ఎదురయ్యేవి కావు కదా. స్పెల్లింగ్ ఒక్కసారి ఖాయం చేశాక ఒక్క అక్షరం కూడా మార్చొద్దు. పెళ్లయ్యాక పేరు మారినా పేపర్ల మీద పేరు అదే ఉంచొచ్చు, పరిశోధన రంగంలో ఎవరూ ఏమీ అనుకోరు. ఈ రోజే పరిశోధకులకి ఇచ్చే ఆర్కిడ్ ఐడీ తీసుకో. 2012లో మొదలైన ఈ పదహారు అంకెల నంబర్ ఉచితం, పేరు ఎలా అచ్చయినా పని నీదేనని అది పట్టి ఇస్తుంది.

పేరు పక్కనే చిరునామా. శెనక్కాయల పని నువ్వు తిరుపతిలో చేశావు, కాబట్టి ఆ పేపర్లో నీ సంస్థ తిరుపతిదే. జర్మనీ చిరునామా ‘ప్రస్తుత చిరునామా’ అని ఫుట్‌నోట్‌లో వస్తుంది. విదేశీ విశ్వవిద్యాలయం పేరు ముందుంటే బాగుంటుందని కొందరు మార్చేస్తారు. అది తప్పు, పని చేయించిన సంస్థకి దక్కాల్సింది దక్కకుండా పోతుంది.

రచయితల వరుస విషయంలో సంకోచం వద్దు. వైద్య జర్నళ్ల ఎడిటర్ల కమిటీ ఐసీఎంజేఈ పెట్టిన నాలుగు షరతుల్ని మిగతా శాస్త్రాల వాళ్లు కూడా చాలామంది పాటిస్తారు. పనిలో గట్టి పాలు ఉండాలి, రాయడంలోనో దిద్దడంలోనో చెయ్యి ఉండాలి, చివరి ప్రతిని ఒప్పుకోవాలి, పేపర్లో ఉన్నదానికి జవాబుదారీగా ఉండాలి. నాలుగూ ఉంటేనే రచయిత. హెచ్ఓడీ కాబట్టి పేరు పెట్టాలన్నది ఇందులో లేదు. అలాగే ప్రయోగం ఆలోచించి, నీతో పాటు ఎండలో నిలబడి మడులు గీయించిన నీ పాత గైడుని వదిలేయడం అంతకన్నా పెద్ద తప్పు. డ్రాఫ్ట్ మొదలుపెట్టక ముందే ఆయనకి మెయిల్ రాయి: "సార్, మన ప్రాజెక్టు డేటాతో పేపర్ రాయాలనుకుంటున్నాను. రచయితల వరుస ఇలా అనుకుంటున్నాను, మీ అభిప్రాయం చెప్పండి." ఆయన సరే అన్న మెయిల్ దాచుకో.

ఇప్పుడు రాత. ఇంట్రడక్షన్‌తో మొదలుపెట్టకు, బొమ్మలతో మొదలుపెట్టు. నాలుగైదు బొమ్మల్లో నీ కథ మొత్తం రావాలి, రాకపోతే కథ ఇంకా తయారవ్వలేదని అర్థం.

సెలవులకి ఇంటికి వచ్చినప్పుడు బైరాగిపట్టెడలో మా వరండాకి పిల్లలు ల్యాప్‌టాప్‌లు పట్టుకుని వస్తుంటారు. పోయినసారి ఒక అబ్బాయి దిగుబడి గ్రాఫ్ చూపించాడు. ఎక్సెల్‌లో త్రీడీ కడ్డీలు, పవర్‌పాయింట్‌లోకి, అక్కడి నుంచి స్క్రీన్‌షాట్ తీసి వర్డ్‌లోకి. ఎరుపూ ఆకుపచ్చా పక్కపక్కన. అచ్చు కాలమ్ వెడల్పు తొంభై మిల్లీమీటర్లకి కుదించి చూపించాను, అక్షాల మీద అక్షరాలు చీమల్లా కనబడ్డాయి. ఇద్దరం కూర్చుని మళ్లీ వేశాం. త్రీడీ తీసేశాం. రంగులు నీలం, నారింజ చేశాం, ఎందుకంటే ఐరోపా మూలాలున్న మగవాళ్లలో దాదాపు పన్నెండు మందికి ఒకరు ఎరుపూ ఆకుపచ్చా సరిగా విడదీయలేరు, ఆ ఒకరు జర్నల్ తరఫున నీ పేపర్ పరిశీలించే రివ్యూయర్ కావచ్చు. అక్షరాలు అచ్చు సైజులో ఏడెనిమిది పాయింట్లు వచ్చేలా పెట్టాం. ఎర్రర్ బార్లు స్టాండర్డ్ డీవియేషనా, స్టాండర్డ్ ఎర్రరా, ఎన్ని మడుల సగటు అన్నది బొమ్మ కింద రాశాం. గ్రాఫుని పీడీఎఫ్‌లో వెక్టర్‌గా, అంటే ఎంత పెద్దది చేసినా గీతలు చెదరని రకంగా, తీశాం. ఫోటోలైతే అచ్చు సైజులో 300 డీపీఐ ఉండాలి. చిన్న ఫోటోని సాగదీసి 300 అని పేరు పెడితే కొత్త వివరం ఏదీ పుట్టదు.

మెథడ్స్ రాసేటప్పుడు ఒక్కటి గుర్తుపెట్టుకో. చదివేవాళ్లకి తిరుపతి ఎక్కడుందో తెలియదు. మనకి రోజూ వాడి వాడి కంటికి ఆననివన్నీ వాళ్లకి కొత్త. ఖరీఫ్ అని వదిలేయకుండా జూన్ నుంచి అక్టోబరు అని రాయి. ఎకరాకి ఇన్ని మూటలు అన్నది హెక్టారుకి ఇన్ని కిలోలు అవ్వాలి. లక్షలూ కోట్లూ ఉండకూడదు, అంకెల్లో కామా కూడా మూడేసి అంకెలకి పడాలి: 1,00,000 కాదు, 100,000. ఎర్రనేల అంటే సరిపోదు, నేల వర్గం పేరు కావాలి. శెనక్కాయ రకానికి విడుదల చేసిన సంస్థ ఇచ్చిన పేరు రాయి, రైతులు పిలిచే పేరు పక్కన చేర్చొచ్చు. అక్షాంశం, రేఖాంశం, సముద్రమట్టం నుంచి ఎత్తు తప్పనిసరి. గాదంకి వాతావరణ రాడార్ డేటా మీద పని చేసే తమ్ముళ్లు సమయం మన ఐఎస్‌టీలో ఇచ్చారా, యూటీసీలోనా చెప్పాలి. అయిదున్నర గంటల తేడా ఉంటే మధ్యాహ్నపు ఉరుముల వాన పొద్దుటికి పోతుంది.

ఇంకొకటి మన జిల్లాకే ప్రత్యేకం. 2022 ఏప్రిల్ 4న తిరుపతి విడి జిల్లా అయ్యింది, మదనపల్లె వైపు అన్నమయ్య జిల్లాలోకి వెళ్లింది. అంతకుముందు సంవత్సరాల వాన లెక్కలూ పంట లెక్కలూ ‘చిత్తూరు జిల్లా’ అని ఉన్నాయంటే ఆ చిత్తూరు వేరు. పాత హద్దులతో గీసిన మ్యాప్ మీద కొత్త జిల్లా పేరు వేస్తే అంకెలు పొంతన కుదరవు. ఏ హద్దులు వాడావో ఒక్క వాక్యం రాయి. ఇది చాలామంది వదిలేస్తున్నారు, నాకు నిజంగా బాధగా ఉంటుంది, అంత కష్టపడి తెచ్చిన డేటా తర్వాతివాళ్లకి పనికిరాకుండా పోతుంది.

శేషాచలం మొక్కల మీద పని చేసేవాళ్లకి అనుమతుల మాట. అడవి జాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే ఒప్పందం సైటీస్ రెండో అనుబంధంలో ఎర్రచందనం ఉంది. పైగా జీవవైవిధ్య చట్టం, 2002 ప్రకారం, ఆదాయపు పన్ను లెక్కలో నాన్ రెసిడెంట్ అయిన భారత పౌరులు కూడా పరిశోధనకి మన దేశపు జీవవనరులు తీసుకోవాలంటే చెన్నైలోని నేషనల్ బయోడైవర్సిటీ అథారిటీ అనుమతి ముందే తీసుకోవాలి. ‘మన ఊరి ఆకులే కదా’ అని సూట్‌కేసులో వేసుకుని రావొద్దు. పేపర్లో అనుమతి నంబర్ అడిగే జర్నళ్లు చాలా ఉన్నాయి.

థీసిస్‌లోంచి పేరాలు ఎత్తి అతికించకు. "వేరుశనగ ప్రపంచంలో ముఖ్యమైన నూనెగింజ పంట" అని మొదలుపెడితే ఎడిటర్‌కి తెలిసిందే చెప్పినట్టు. "పూత దశలో మూడు వారాలు వాన లేకపోతే ఈ రకం ఎంత దిగుబడి పోగొట్టుకుంటుందో పొలంలో కొలిచినవాళ్లు తక్కువ" అని మొదలుపెట్టు, రెండో వాక్యానికి కళ్లు వాటంతటవే వెళ్తాయి. జర్నళ్లు ఐథెంటికేట్ లాంటి సాఫ్ట్‌వేర్లతో పాత రాతలతో పోలిక చూస్తాయి, పాత థీసిస్‌ల నుంచి తెచ్చుకున్న రివ్యూ పేరాలు అక్కడే దొరికిపోతాయి. రెఫరెన్సులు చేత్తో టైపు చేయకుండా జొటీరో వాడు. అది ఉచితం, వెనక్కి తీసుకున్న పేపర్ ఉంటే ఎర్రగా చూపిస్తుంది. ఏఐ టూల్‌తో ఇంగ్లీషు దిద్దించుకుంటే జర్నల్ అడిగినచోట ఆ మాట రాయి, దాన్ని రచయితగా ఎక్కడా ఒప్పుకోరు. అది ఇచ్చిన రెఫరెన్సు మాత్రం డీఓఐ (పేపర్‌కి ఉండే శాశ్వత లింకు) తెరిచి చూడకుండా ఒక్కటి కూడా పెట్టొద్దు. లేని పేపర్లు కూడా ఉన్నట్టే రాస్తుంది.

కవర్ లెటర్ ఒక పేజీ దాటొద్దు. ‘రెస్పెక్టెడ్ సర్’ అని, ‘దయతో పరిశీలించి అంగీకరించవలసిందిగా వేడుకుంటున్నాను’ అని మన సెలవు చీటీ పద్ధతి వద్దు. ఎడిటర్ పేరు వెతికి డాక్టర్ ఫలానా అని సంబోధించు. ఏం కనుక్కున్నావు, ఈ జర్నల్ పాఠకులకి అది ఎందుకు కావాలి, ఇంకెక్కడా పంపలేదు, అంతే. రివ్యూయర్ల పేర్లు అడిగితే నీతో పేపర్ రాసినవాళ్లని ఇవ్వకు, జీమెయిల్ చిరునామాలు ఇవ్వకు. పేర్లు దాచి చదివించే జర్నల్ అయితే ఫైల్ ప్రాపర్టీస్‌లో నీ పేరు తీసేయ్, అక్నాలెడ్జ్‌మెంట్స్ వేరే ఫైల్లో పెట్టు, ‘మా మునుపటి పనిలో’ అన్న వాక్యాలు మార్చు.

అన్నీ ఎక్కించాక సిస్టమ్ ఒక పీడీఎఫ్ తయారు చేసి ‘ఆమోదిస్తారా’ అని అడుగుతుంది. రాత్రి పన్నెండింటికి నిద్ర కళ్లతో ఆ బటన్ నొక్కొద్దు. పొద్దున లేచి మొదటి పేజీ నుంచి చివరి దాకా చదువు. గ్రీకు అక్షరాలు డబ్బాలుగా మారాయేమో, రెండో బొమ్మ స్థానంలో మూడోది వచ్చిందేమో, అయిదో పట్టిక సగం తెగిందేమో అక్కడే తెలుస్తుంది. ఎడిటర్ తెరిచేది ఆ పీడీఎఫ్‌నే. అదయ్యాక పంపెయ్, నీ పాత గైడుకి కూడా ఆ కాపీ ఒకటి మెయిల్ చెయ్యి.